కార్డు వద్దనుకోవడానికే స్పెక్స్ పట్టిక

మా అక్క కొడుకు వైజాగ్‌లో బీటెక్ చదువుతున్నాడు. ఈమధ్య వాట్సాప్‌లో ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. రెండు ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల పోలిక పట్టిక అది: ఎడమ పక్క ఆర్‌టీఎక్స్ 3060, కుడి పక్క ఆర్‌టీఎక్స్ 4060. కోర్లు, క్లాక్ స్పీడు, టెరాఫ్లాప్స్, మెమరీ, బస్ విడ్త్, బ్యాండ్‌విడ్త్, వాట్లు అన్నీ వరసగా ఉన్నాయి. ఏ గడిలో ఎవరిది మెరుగైతే వాళ్ల అంకెకి ఆకుపచ్చ రంగు. అడుగున ఏది ఎంత శాతం ఫాస్టో ఒకే ఒక్క అంకె, జడ్జిగారి తీర్పులాగా. కింద వాడి మెసేజ్: "మావయ్యా, 4060 ది 15 టెరాఫ్లాప్స్, 3060 ది 12.7 ఏ. ఇంక ఆలోచించేదేముంది?"

ఆలోచించేది చాలానే ఉంది. వాడికి గేమ్స్ కావాలి, నిజమే. దాంతోపాటు ఫైనలియర్ ప్రాజెక్టుకి లాంగ్వేజ్ మోడళ్లు సొంత మెషీన్‌లోనే నడపాలంటున్నాడు. ఈ రెండో సంగతి ఆ పట్టికకి తెలీదు. దానికి తెలిసిందల్లా ఏ అంకె పెద్దది అన్నదే.

ఇలాంటి పట్టికలన్నీ మోసం అని నేననను. వాటిలో అంకెలు చాలావరకు సరైనవే. నా పేచీ అంతా వాటిని వాడుతున్న తీరుతోనే. పట్టిక చూసి ఫలానా కార్డు వద్దని ధైర్యంగా చెప్పొచ్చు. ఫలానా కార్డే కొనమని మాత్రం చెప్పలేం. రెండూ ఒకటే కదా అనిపించొచ్చు కానీ, కాదు.

కాలిక్యులేటర్‌లో పుట్టిన అంకె

టెరాఫ్లాప్స్ అంటే కార్డు సెకనుకి ఎన్ని లక్షల కోట్ల దశాంశ లెక్కలు చేయగలదో చెప్పే అంకె. అది ఎవరూ కొలిచింది కాదు. కోర్ల (లెక్కలు చేసే చిన్న యూనిట్ల) సంఖ్యని బూస్ట్ క్లాక్‌తో, అంటే సెకనుకి ఎన్ని సైకిళ్లని కంపెనీ చెప్పే పై వేగంతో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ రెండుతో గుణిస్తే వస్తుంది. గుణకారం, కూడిక కలిపి ఒకే దెబ్బలో చేసే ఆదేశాన్ని రెండు లెక్కలుగా పరిగణిస్తారు కాబట్టి ఆ రెండు. 3060 లో 3584 కోర్లు, 1.777 గిగాహెర్ట్జ్. అంటే 12.7. 4060 లో 3072 కోర్లే గానీ క్లాక్ 2.46. అంటే 15.1. కార్డు పెట్టెలోంచి బయటికి తీయకుండానే ఈ అంకె చెప్పేయొచ్చు.

ఇది నిజం కావాలంటే ఏం జరగాలో చూడండి. ప్రతి కోరూ, ప్రతి సైకిల్లోనూ, ఆ గుణకారం-కూడిక ఆదేశం తప్ప ఇంకేదీ చేయకూడదు. డేటా కోసం ఒక్క క్షణం కూడా ఆగకూడదు. నిజమైన గేమ్ ఏదీ అలా నడవదు. కాబట్టి టెరాఫ్లాప్స్ అంటే కార్డు వేగం కాదు, ఆ కార్డు ఎప్పటికీ దాటలేని గీత. ఈ గీతకి ఒక కార్డు ఎంత దగ్గరగా వెళ్తుందన్నది దాని డిజైన్ మీదా, మనం ఇచ్చే పని మీదా ఆధారపడుతుంది. ఆ దూరం పట్టికలో ఉండదు.

దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ 2020 లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3070. కాగితం మీద దానిది 20.3 టెరాఫ్లాప్స్. 2018 నాటి 2080 టీఐది 13.4. అంటే 3070 సగానికి సగం ఎక్కువ ఫాస్ట్ అవ్వాలి. గేమ్స్‌లో చూస్తే రెండూ ఇంచుమించు సమానం. "ఎన్విడియా కోర్లని రెట్టింపు చేసి చూపించింది, అంతా మార్కెటింగ్" అని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు. కానీ కూర్చుని లెక్కేస్తే అసలు విషయం తెలుస్తుంది.

2080 టీఐ తరంలో ఒక్కో ఎస్ఎమ్‌లో, అంటే కోర్ల గుంపులో, దశాంశ లెక్కలకి 64 యూనిట్లు, పూర్ణాంకాలకి వేరే 64 ఉండేవి. 3070 తరంలో ఆ రెండో 64 ని పూర్ణాంకాలైనా దశాంశాలైనా చేసేలా మార్చారు. దాంతో లెక్కకి 128 "కోర్లు" అయ్యాయి. అయితే గేమ్స్‌లో సగటున ప్రతి 100 దశాంశ ఆదేశాలకీ 36 దాకా పూర్ణాంక ఆదేశాలు ఉంటాయని 2018 లో ఎన్విడియానే చెప్పింది. ఆ 36 ఇప్పుడు ఈ 128 లోంచే చోటు తీసుకోవాలి. 128 ని 100కి 36 నిష్పత్తిలో పంచితే దశాంశాలకి మిగిలేది సైకిల్‌కి 94. 3070 లో ఎస్ఎమ్‌లు 46, 94 తో గుణిస్తే 4324. 2080 టీఐలో ఎస్ఎమ్‌లు 68, 64 తో గుణిస్తే 4352. చూశారా, రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి! ఇది మొరటు లెక్కే, క్లాకులూ మెమరీ వేగమూ ఇందులో లేవు. అయినా పట్టికలోని 20.3 కన్నా ఈ మొరటు లెక్కే నిజానికి దగ్గరగా వచ్చింది. ఎందుకంటే ఇది పని ఎలా ఉంటుందో అడిగింది. పట్టిక అడగలేదు.

అన్ని గడులూ ఆకుపచ్చగా ఉన్న కార్డు

ఇది ఎన్విడియా ఒక్కదాని కథ కాదు. కొత్త కథా కాదు. 2009 లో వచ్చిన, ఎన్విడియాకి పోటీ కంపెనీ అయిన ఏఎండీ వాళ్ల రేడియాన్ హెచ్‌డీ 5870 ది 2.72 టెరాఫ్లాప్స్. మరుసటి సంవత్సరం వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 480 ది 1.35, అంటే సగం. గేమ్స్‌లో చాలావాటిలో 480 యే ముందు. (పొయ్యిలా వేడెక్కేదన్న పేరు కూడా దానికే వచ్చింది, అది వేరే సంగతి.) 5870 లో యూనిట్లు ఐదేసి చొప్పున కట్టలుగా ఉండేవి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదు పనులు కంపైలర్‌కి (ప్రోగ్రామ్‌ని చిప్ ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి) దొరికితేనే కట్ట నిండేది, లేకపోతే కొన్ని ఖాళీగా కూర్చునేవి. పట్టికలో ఖాళీ యూనిట్లకి కూడా హాజరు పడుతుంది.

2017 లో ఏఎండీ ఆర్ఎక్స్ వేగా 64 తెచ్చింది. 12.7 టెరాఫ్లాప్స్, సెకనుకి 484 గిగాబైట్ల బ్యాండ్‌విడ్త్ (మెమరీకీ చిప్‌కీ మధ్య డేటా నడిచే వేగం). ఎదురుగా జీటీఎక్స్ 1080: 8.9 టెరాఫ్లాప్స్, 320 గిగాబైట్లు. మెమరీ రెండిటికీ 8 జీబీ. పట్టికలో వాట్ల గడి తప్ప దాదాపు అన్ని గడుల్లోనూ వేగాదే గెలుపు. గేమ్స్‌లో రెండూ ఒక జోడీ. 295 వాట్లు తాగి ఒకటి, 180 తాగి ఒకటి.

ఇక్కడితో ఆపేస్తే "టెరాఫ్లాప్స్ అన్నీ బూటకం" అని తేలుతుంది. అదీ తప్పే. అదే వేగా కార్డుల కోసం క్రిప్టో మైనింగ్ చేసేవాళ్లు ఎగబడ్డారు. ఆ పనికి వేగాలో ఉన్న మెమరీ వేగం నిజంగా పనికొచ్చింది. గేమ్ వాడుకోలేని బలాన్ని ఇంకో పని వాడుకుంది. అంకె అబద్ధం కాదు, ఆ అంకెని గేమ్స్ వేగం అనుకోవడమే అబద్ధం.

రేడియాన్ 7900 ఎక్స్‌టీఎక్స్ గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. 61 టెరాఫ్లాప్స్ అని రాస్తారు. దానికి ముందున్న 6950 ఎక్స్‌టీది 24 లోపే. ఒకే సైకిల్లో రెండు ఆదేశాలు జోడించగలిగిన సందర్భాల్లోనే ఆ 61. ఆ జోడీ ఎప్పుడు కుదురుతుందన్నది మళ్లీ కంపైలర్ దయ. ఆ కార్డు మంచిదే, ముందుదాని కన్నా బాగా ఫాస్టే. రెండున్నర రెట్లు మాత్రం కాదు.

మిత్రుడి వాదన

నాతో పాటు పనిచేసిన ఒక మిత్రుడికి ఈ మాటలు అస్సలు గిట్టవు. అతని వాదన ఇదీ: "బెంచ్‌మార్కులు చూడమంటావు. అవి ఎవరో ఏసీ గదిలో, మార్కెట్లో ఉన్న అన్నిటికన్నా ఖరీదైన ప్రాసెసర్ పెట్టి, వాళ్లకి నచ్చిన డజను గేమ్స్ ఆడి తీసిన సగటు. నా దగ్గర ఉన్నది ఐదేళ్ల నాటి ఐ5, మే నెలలో విజయవాడ. నేను ఆడే గేమ్ ఆ లిస్టులోనే లేదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో సెకండ్ హ్యాండ్ కార్డు చూస్తుంటే దాన్ని కొత్త గేమ్స్‌తో టెస్ట్ చేసినవాడే దొరకడు. అప్పుడు నాకు దిక్కు ఆ పట్టికే కదా?"

దీన్ని కొట్టిపారేయలేను. పాత కార్డుల విషయంలో అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పైగా ఒకే తరానికి చెందిన, ఒకే కంపెనీ కార్డుల మధ్య టెరాఫ్లాప్స్ పోలిక చాలావరకు పనిచేస్తుంది. డిజైన్ ఒకటే కాబట్టి గీతకీ నిజానికీ ఉన్న దూరం కూడా అటూ ఇటూగా ఒకటే ఉంటుంది.

కానీ అక్కడ కూడా ఎంతవరకు? 3060 టీఐ, 3070 చూడండి. ఒకే తరం, ఒకే చిప్. టెరాఫ్లాప్స్ 16.2, 20.3. అంటే పాతిక శాతం తేడా. గేమ్స్‌లో వచ్చే తేడా మాత్రం సుమారుగా అందులో సగమే. బ్యాండ్‌విడ్త్ రెండిటికీ అదే 448 గిగాబైట్లు మరి. పెళ్లిలో వంటవాళ్లని పెంచి వడ్డించేవాళ్లని పెంచకపోతే బంతి ఎంత త్వరగా లేస్తుందో ఇదీ అంతే.

అయితే ఇక్కడే పట్టిక అసలు ఉపయోగం కనిపిస్తుంది. 3070 ఎంత ఫాస్టో ఆ పాతిక శాతం నాకు చెప్పలేదు. కానీ పాతిక శాతాన్ని మించదని చెప్పింది. అమ్మేవాడు 3070 కి నలభై శాతం ఎక్కువ అడిగితే, వేగం కోసమే అంత పెట్టడం దండగని ఏ బెంచ్‌మార్కూ చూడకుండానే తేల్చేయొచ్చు. దాటలేని గీత తెలిస్తే కాదనడానికి అది చాలు. అవుననడానికి చాలదు.

బ్యాండ్‌విడ్త్ గడి మీద నాకున్న మోజు

ఇంత చెప్పాక, పట్టిక తెరవగానే నా కళ్లు వెళ్లేది బ్యాండ్‌విడ్త్ గడికేనని ఒప్పుకుంటాను. జీటీ 1030 నుంచి మొదలైంది ఇది. 2017 లో ఆ కార్డు జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది, సెకనుకి 48 గిగాబైట్లు. మరుసటి సంవత్సరం అదే పేరుతో డీడీఆర్4 మెమరీ పెట్టి ఇంకోటి దించారు. అది 16.8 గిగాబైట్లు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో రెండిటికీ 1030, 2 జీబీ అనే ఉంటుంది. గేమ్స్‌లో రెండోది చాలాచోట్ల సగానికి పడిపోతుంది. ఆ ఒక్క గడి చూసినవాడు బతికిపోయాడు.

అలాగని ఆ గడిని దేవుడి గదిలో పెట్టి కొలవక్కర్లేదు. 3060 టీఐది 448 గిగాబైట్లు అన్నాను కదా. దాని తర్వాత వచ్చిన 4060 టీఐది 288. ఈ గడి ఒక్కటే చూస్తే కొత్తది దండగమారి కార్డు. నిజానికి 1080పీలో అది పాతదానికన్నా కొంచెం ముందే ఉంటుంది. చిప్‌లోపలి ఎల్2 క్యాష్‌ని, అంటే చేతికందేంత దగ్గర్లో ఉండే చిన్న, వేగమైన మెమరీని, 4 ఎంబీ నుంచి 32 ఎంబీకి పెంచడంతో మాటిమాటికీ బయటి మెమరీకి పోవాల్సిన అవసరం తగ్గింది. 4కే రిజల్యూషన్‌కి వెళ్తే ఆ క్యాష్ చాలదు, ఆధిక్యం కాస్తా కరిగిపోతుంది. అంటే నాకిష్టమైన గడి కూడా పని ఏమిటో తెలిస్తేనే అర్థమవుతుంది.

మా మేనల్లుడి ప్రాజెక్టు ఇక్కడ చక్కగా అమరుతుంది. లాంగ్వేజ్ మోడల్ ఒక్కో టోకెన్ (మాట ముక్క) రాయడానికి తన బరువులన్నిటినీ, అంటే తను నేర్చుకున్న అంకెలన్నిటినీ, మెమరీలోంచి ఒకసారి చదవాలి. 800 కోట్ల పారామీటర్ల (అంటే అన్ని బరువుల) మోడల్‌ని 4 బిట్లకి కుదిస్తే 5 జీబీకి కొంచెం అటూ ఇటూ. దాన్ని 4060 లో ఉన్న 24 ఎంబీ క్యాష్‌లో ఎక్కడ దాస్తారు? క్యాష్ వల్ల ఉపయోగం దాదాపు సున్నా. అప్పుడు లెక్క చాలా తేలిక, బ్యాండ్‌విడ్త్‌ని మోడల్ సైజుతో భాగించడమే: 360 ని 5 తో భాగిస్తే 3060 లో సెకనుకి 72 టోకెన్లు, 272 ని భాగిస్తే 4060 లో 54. నిజంగా వచ్చేవి ఇంతకన్నా తక్కువే, ఇవీ దాటలేని గీతలే. కానీ ఈ పనిలో కార్డులు గీతకి బాగా దగ్గరగా వెళ్తాయి. కాబట్టి ఎక్కువ టెరాఫ్లాప్స్ ఉన్న కార్డే ఇక్కడ వెనకపడుతుంది.

ఇంకాస్త పెద్ద మోడల్ పెడితే? 1400 కోట్ల పారామీటర్లది 4 బిట్లలో 8 జీబీ దాటేస్తుంది. 3060 కి 12 జీబీ ఉంది, పడుతుంది. 4060 కి ఉన్నది 8 జీబీయే, పట్టదు. మిగిలింది మామూలు ర్యామ్‌లోకి పోతే ఆట అక్కడితో అయిపోయినట్టే. ఇక్కడ శాతాల గోల లేదు. పడుతుందా, పట్టదా. పట్టిక ఇంత నిక్కచ్చిగా మాట్లాడే చోటు ఇదొక్కటే.

వాడికి ఇదే చెప్పాను. "మరి గేమ్స్?" అన్నాడు. గేమ్స్‌కైతే 4060 యే ముందు, కరెంటు కూడా 170 వాట్ల బదులు 115. టెక్స్చర్లు అల్ట్రాలో పెడితే 8 జీబీ సరిపోని గేమ్స్ పెరుగుతున్నాయి, అప్పుడు 3060 నయం. ప్రాజెక్టు ఒక్క సంవత్సరమే కదా, తర్వాత నాలుగేళ్లు ఆడుకునేదే కదా అంటే నా దగ్గర గట్టి జవాబు లేదు. వాడి ప్రాధాన్యం వాడు తేల్చుకోవాల్సిందే. అడుగున ఉన్న ఆ ఒక్క శాతం మాత్రం వాడి తరఫున అది తేల్చలేదు.

పట్టికే తప్పయితే?

కార్డు వద్దనుకోవడానికైనా పట్టికని నమ్మాలంటే అందులో రాసింది నిజమై ఉండాలి. 2014 లో జీటీఎక్స్ 970 వచ్చింది, 4 జీబీ, 64 ఆర్ఓపీలు (తయారైన పిక్సెళ్లని చివరగా మెమరీలోకి రాసే యూనిట్లు) అని. 2015 జనవరిలో కొనుక్కున్నవాళ్లే తవ్వి తీశారు. 4 జీబీలో చివరి అర జీబీ నత్తనడక నడుస్తోంది, ఆర్ఓపీలు 56 మాత్రమే, ఎల్2 క్యాష్ 2 ఎంబీ కాదు 1.75. కంపెనీలో ఇంజినీర్లకీ మార్కెటింగ్ వాళ్లకీ మధ్య సమాచార లోపం అన్నారు. అమెరికాలో కోర్టు కేసు నడిచి, చివరికి కొన్నవాళ్లకి 30 డాలర్ల చొప్పున ఇచ్చేలా రాజీ కుదిరింది. మనవైపు కొన్నవాళ్లకి ఆ కథ చదువుకున్న తృప్తి మిగిలింది.

ఈ రోజుల్లో ఇంత మొరటుగా తప్పులు రాయాల్సిన అవసరం కూడా లేదు. కొలబద్ద మార్చేస్తే చాలు. ఎన్విడియా తన పట్టికలో 5090 కి 3352 ఏఐ టాప్స్ (సెకనుకి అన్ని లక్షల కోట్ల ఏఐ లెక్కలు), 4090 కి 1321 అని రాస్తుంది. రెండున్నర రెట్లు! మొదటిది 4 బిట్ల లెక్క, రెండోది 8 బిట్ల లెక్క. రెండిట్లోనూ ప్రతి నాలుగు బరువుల్లో రెండు సున్నాలని ఊహించుకుని రెట్టింపు చేశారు. అదే 8 బిట్లలో, సున్నాల గారడీ లేకుండా పోలిస్తే ఆధిక్యం సుమారు 27 శాతానికి దిగుతుంది. పక్కపక్కన పెట్టిన రెండు అంకెలు ఒకే దాన్ని కొలుస్తున్నాయా అని అడిగే గడి మాత్రం ఏ పట్టికలోనూ చూడలేదు నేను.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి

మనలో ఎక్కువమంది కొనేది విడి కార్డు కాదు, ల్యాప్‌టాప్. ఇంజినీరింగ్‌లో చేరే ప్రతి పిల్లాడికీ ఇప్పుడు గేమింగ్ ల్యాప్‌టాపే కావాలి. నాకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే.

ల్యాప్‌టాప్ 4090 అంటే డెస్క్‌టాప్ 4090 కాదు. డెస్క్‌టాప్‌లో 16384 కోర్లు, ల్యాప్‌టాప్‌లో 9728. మెమరీ 24 బదులు 16 జీబీ. సరే, పైఅంతస్తు వాళ్ల గొడవ అనుకుని వదిలేద్దాం. కింద 4060 చూడండి. కోర్లు రెండు చోట్లా 3072 యే, అక్కడ నిజాయితీగానే ఉంది. కానీ ల్యాప్‌టాప్ తయారీదారు ఆ చిప్‌కి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వొచ్చు. దాన్నిబట్టి బూస్ట్ క్లాక్ 1.47 నుంచి 2.37 గిగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా ఉండొచ్చు. టెరాఫ్లాప్స్‌లోకి మారిస్తే 9 నుంచి 14.6. రెండిటికీ ఒకే స్టిక్కరు, ఒకే పేరు. ఇంత వెడల్పున్న తేడాని పోలిక పట్టికలు ఒకే గడిలో ఒకే అంకెగా రాస్తాయి, చాలాసార్లు పైదే రాస్తాయి.

ఒక షోరూంలో అడిగి చూశాను, ఈ మోడల్‌లో గ్రాఫిక్స్‌కి ఎన్ని వాట్లు ఇచ్చారని. అతను చార్జర్ తిప్పి చూసి "230 వాట్లు సార్" అన్నాడు. అది మొత్తం ల్యాప్‌టాప్‌కి చార్జర్ ఇచ్చేది. అతని తప్పేం లేదు, అతనికి ఎవరూ చెప్పలేదు. 2021 లో పేర్లలోంచి మ్యాక్స్-క్యూ (తక్కువ వాట్లతో నడిచే రకం అని చెప్పే గుర్తు) తీసేశాక ఏ ల్యాప్‌టాప్‌లో ఏముందో తెలీక జనం గోల చేస్తే, క్లాకులూ వాట్లూ తమ వెబ్ పేజీల్లో రాయమని ఎన్విడియా తయారీదారులకి చెప్పింది. రాసేవాళ్లు రాస్తున్నారు. ఎక్కడో ఆరో స్క్రీన్ దాకా కిందికి జరిపితే కనిపిస్తుంది. ఆన్‌లైన్ షాపుల పేజీల్లో చాలావాటికి అదీ ఉండదు. ఆ అంకె ఎక్కడా దొరకని ల్యాప్‌టాప్‌ని నేనైతే లిస్టులోంచి తీసేస్తాను. ఇప్పటికే కొనేసి ఉంటే, రిటర్న్ గడువు దాటకముందే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అన్న లైన్ ఎదురుగా ఎంత ఉందో చూసుకోండి.